నాలుగు అంకెలు

మంగళవారం ఉదయం కుళాయి ఆగిన చప్పుడు విని, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని హాల్లో గడియారం వంక చూశాను. ఆరు ఇరవై. కాసేపయ్యాక మళ్లీ చూస్తే అప్పుడూ ఆరు ఇరవయ్యే. బ్యాటరీ అయిపోయింది. స్టూలెక్కి గడియారం దింపాను. దాని వెనక ఒక తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి ఉంటుంది. బ్యాటరీ మార్చినప్పుడల్లా దాని మీద తేదీ వేయడం నా అలవాటు. కళ్లజోడు పెట్టుకుని చూస్తే, అక్కడ నేను రాయని వరుసలు రెండున్నాయి.

అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరుగుతున్నాను. పదహారు అడుగులు. కాఫీ కలిపి తాగడం మర్చిపోతున్నాను.

ఆ వరుసల్లో ఏముందో చెప్పాలంటే ముందు ఒక అమ్మాయి గురించి చెప్పాలి. కిందటి ఎండాకాలం యాభై ఎనిమిది రోజుల పాటు ఆ అమ్మాయి ఉద్యోగం నా ఫోనుకి వచ్చిన నాలుగు అంకెల మీద ఆధారపడి ఉంది. ఆ అంకెలు నేను చెప్పలేదు.

మా ఇల్లు విజయవాడ వన్ టౌన్‌లో కొండ మీద, కింది వీధి నుంచి అరవై నాలుగో మెట్టు దగ్గర. మా పైన ఇంకో నలభై ఏడు మెట్లు, ఆ చివర నాలుగు ఇళ్లు. హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నీళ్లు ఎప్పుడొచ్చాయో, ఎప్పుడాగాయో రోజూ ఒక పుస్తకంలో రాస్తాను. ఎన్నో ఏళ్లుగా ముప్పై అయిదు నిమిషాలు వచ్చేవి, ఒకటీ అరా తేడాతో. కిందటి ఏడు నాకు కంటి ఆపరేషనైంది. కట్టు విప్పాక పుస్తకం మళ్లీ మొదలుపెడితే ఇరవై అయిదు నిమిషాలే. వరసగా పన్నెండు రోజులు చూశాను. ఇరవై అయిదే. ఫోన్లో కంప్లయింట్ పెట్టాను. వెంటనే నాలుగంకెల ఓటీపీ ఒకటి వచ్చింది. పని పూర్తయ్యాక వచ్చినవాళ్లకి ఆ అంకెలు చెప్పాలట. చెబితేనే వాళ్ల కంప్యూటర్లో కంప్లయింట్ మూతపడుతుంది.

మర్నాడు ఉదయమే వార్డు సచివాలయం నుంచి ఎవరో మగమనిషి ఫోన్ చేశాడు.

"అమ్మా, మీకు ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి."

"నీళ్లు సరిచేశారా?"

"చేస్తామమ్మా. ముందు మీరు అంకెలు చెబితే క్లోజ్ చేసేసి, మనిషిని పంపిస్తాం."

"పేపరు రాయకుండానే మార్కులు వేయమంటావా నాయనా?" అని పెట్టేశాను.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. చున్నీ నడుముకి చుట్టి ముడేసుకుంది. కాళ్లకి హవాయి చెప్పులు, వేలికి స్కూటీ తాళాలు. భుజాన సంచిలో ఒక టేపు, ఒక పొట్లం వేయించిన బఠానీలు, ఒక సుద్దముక్కల డబ్బా. నీళ్లు, రోడ్లు, కాలవలు చూసే ఉద్యోగం తనది. దానికో పొడవాటి ఇంగ్లీషు పేరుంది, అది ఎప్పుడూ తను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఓటీపీ అడుగుతుందని మాట సిద్ధం చేసుకుని కూర్చున్నాను. అడగలేదు.

"చూడనా అండీ?" అంది.

తన నోటివెంట అన్నిటికంటే ఎక్కువసార్లు విన్నమాట అదే. కుళాయి చూడనా, పుస్తకం చూడనా, పెరట్లో పైపు చూడనా. మంచినీళ్లిస్తే గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి తాగేది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, బయట అరవై నాలుగో మెట్టు మీద కూర్చుని బఠానీలు నములుతూ నా పుస్తకం పేజీ పేజీ తిప్పేది. వెళ్లేముందు సుద్దముక్క తీసి, వాల్వు మూత లోపలివైపు ఒక మాట రాసి, కింద తేదీ వేసేది. 'చూసాను.'

"మీ ఆఫీసులో అందరూ 'పరిష్కరించబడినది' అని కదా రాస్తారు?" అన్నాను.

"పని అయ్యాక అలాగే రాస్తానండీ. ఇంకా అవలేదుగా. ప్రస్తుతానికి చూసాను."

"చూసాను కాదు, చూశాను. శ కావాలి, స కాదు."

సుద్దముక్క నా చేతికిచ్చింది. స కొట్టేసి శ రాశాను. ఆ రోజు నుంచి మా మెట్ల పొడుగునా ఎక్కడ చూసినా 'చూశాను' అనే ఉండేది. శ మాత్రం రెండుసార్లు దిద్దినట్టు లావుగా, నన్ను ఆటపట్టించడానికే.

సివిల్ ఇంజనీరింగ్ చదివింది. హైదరాబాదులో కంప్యూటర్ కంపెనీలో రెండేళ్లు చేసింది. మానేసి, పరీక్ష రాసి, ఈ ఉద్యోగంలో చేరింది. ఇల్లు గుణదలలో, తల్లి నర్సు. నాకిది మింగుడు పడలేదు. మా స్కూల్లో బాగా చదివిన పిల్లలెవరూ మునిసిపల్ ఆఫీసు వైపు తొంగి చూడలేదు. అందుకని వచ్చినప్పుడల్లా అడిగేదాన్ని, ఈ ఉద్యోగానికి ఎందుకొచ్చావని. వచ్చినప్పుడల్లా వేరే జవాబు చెప్పేది. ఒక లెక్కకి ఇన్ని జవాబులుంటే ఎలాగని నాకు ఒళ్లుమండి, నీళ్ల పుస్తకం చివరి పేజీలో తేదీతో సహా రాయడం మొదలుపెట్టాను.

మొదటిసారి, "అమ్మకి దగ్గరగా ఉంటానని."

రెండోసారి, "సంబంధాలు చూసేవాళ్లకి గవర్నమెంటు ఉద్యోగమంటే మోజండీ. కాలవలు చూసుకునే ఉద్యోగమని చెప్పేసరికి లేచి వెళ్లిపోతున్నారనుకోండి."

మూడోసారి, "అక్కడ రోజంతా పని చేసేదాన్నండీ. ఎవరికోసం చేస్తున్నానో తెలిసేది కాదు. ఇక్కడ తిట్టేవాళ్ల మొహమైనా కనిపిస్తుంది." అని నా మొహంలోకి చూసి నవ్వింది.

ఇంకోసారి కాస్త నిదానంగా చెప్పింది. చిన్నప్పుడు మేరీమాత తిరునాళ్లకి గుణదల రోడ్డంతా కొబ్బరిచిప్పలు, కాగితాలు, కొవ్వొత్తి ముక్కలు. అడుగు పెట్టే చోటుండేది కాదు. తెల్లారి స్కూలుకెళ్తుంటే రోడ్డు అద్దంలా ఉండేది. "రాత్రికి రాత్రి ఎవరు చేస్తారో అనుకునేదాన్నండీ. మా అమ్మేమో మాతే చేస్తుందనేది. నాకు నమ్మకం కుదరలేదు. సరే, చూద్దామని వచ్చాను."

"చూశావా?"

"మొన్న తిరునాళ్లలో డ్యూటీ వేశారు. పన్నెండు మంది ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు. వాళ్లతో పాటు నేనూ చీపురు పట్టాను. నడుం పడిపోయిందండీ బాబూ."

కంప్లయింట్ పెట్టిన పదమూడో రోజు పుస్తకం మూసి అడిగింది, "టీచర్ గారూ, నీళ్లొచ్చిన టైము ఏ గడియారంలో చూస్తారు?"

"వంటింటి కిటికీ దగ్గర నా చేతివాచీ. సెకను తేడా ఉండదు."

"ఆగిన టైము?"

"అప్పటికి కాఫీ పట్టుకుని హాల్లో ఉంటాను. ఆ గోడగడియారం. అది పది నిమిషాలు ముందుంటుంది, స్కూలుకి ఆలస్యం కాకూడదని మొదట్నుంచీ అలా పెట్టుకున్నాను. ఆ పదీ తీసేసి రాస్తాను."

"దింపి చూడనా అండీ?"

నాకు కోపం వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పినదాని గడియారాన్ని అనుమానిస్తుందా ఈ పిల్ల? "చూసుకో, అన్నీ చూసుకో" అని మజ్జిగ తెచ్చే వంకతో లోపలికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి గడియారం గోడమీదే ఉంది. ఆ అమ్మాయి పెన్ను సంచిలో పెట్టుకుంటోంది.

"గడియారం కరెక్టుగా ఉందండీ" అంది.

"నాకు తెలుసు" అన్నాను.

మజ్జిగ గ్లాసు పట్టుకుని నా వంక చూసింది. తర్వాత తలుపులోంచి పై మెట్ల వంక చూసింది. మజ్జిగ తాగేసి, కిందికి దిగకుండా పైకి వెళ్లింది.

ఇరవై రెండో రోజున తనకి మెమో వచ్చింది. కంప్లయింట్ గడువులోగా మూయనందుకు సంజాయిషీ ఇవ్వమని. చేరి రెండేళ్లవుతోంది. ప్రొబేషన్ పూర్తయిందని పైన సంతకం పడితేనే ఉద్యోగం ఖాయం. సంజాయిషీ ఏం రాశావంటే, "'చూస్తున్నాను' అని రాశానండీ" అంది.

ముప్పయ్యో రోజున వాళ్ల పై అధికారి ఒకాయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. వెనకాల ఈ అమ్మాయి.

"టీచర్ గారూ, మా పిల్ల ప్రొబేషన్ టైమండీ. ఒక్క పెండింగ్ ఉన్నా ఫైలు కదలదు. మొత్తం వార్డులో మీదొక్కటే ఉంది. ఆ నాలుగంకెలు చెప్పేస్తే..."

"నీళ్లు తక్కువొస్తున్న మాట నిజమా, కాదా?"

"నిజమే అనుకుందామండీ."

"అనుకోవడానికి ఇదేమన్నా కథా? నీళ్లు రానిదే అంకెలు రావు."

ఆయన చెమట తుడుచుకున్నారు. ఆ అమ్మాయి ఆయన భుజం మీదుగా పొట్లం చాపింది. "బఠానీలు తింటారా టీచర్ గారూ?"

ఆయన దిగి వెళ్లాక ఉండబట్టలేక అడిగాను. "ఉద్యోగం నీది. నువ్వొక్కసారి కూడా ఎందుకడగవు?"

"అడిగితే చెప్పేస్తారేమోనని భయమండీ."

హాస్యమాడుతోందనుకున్నాను.

గడువు దాటిన కంప్లయింటు ఒక్కో మెట్టే పైకెళ్తుందట. చివరికి పెద్ద ఇంజనీరొకరు మనుషులతో వచ్చి, కొండ చివరిదాకా నడిచి చూశారు. పై ఇళ్లకి వేరే పైపు వేశారు. యాభై ఎనిమిదో రోజున నా పుస్తకంలో ముప్పై అయిదు నిమిషాలు పడింది. ఆ అమ్మాయిని పిలిచి నాలుగంకెలూ స్పష్టంగా రెండుసార్లు చెప్పాను. తను ఫోన్లో కొట్టి, సుద్దముక్కతో మా గుమ్మం పక్కన 'చూశాను' అని రాసింది. అప్పటికి తన బ్యాచి వాళ్లందరికీ సంతకాలు పడ్డాయి. తనది ఆగింది. ఆ తర్వాత అవనిగడ్డ వైపు చిన్న ఊరికి బదిలీ అయింది. అంకెలు చెప్పిన రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. నియమం నియమమే అనుకున్నాను.

ఇప్పుడు ఆ ప్లాస్టరు ముక్క.

మొదటి వరుస మా చెల్లెలి గుండ్రటి అక్షరాలు. నా కంటి ఆపరేషనప్పుడు తోడుగా వచ్చి పదిరోజులుంది. "బ్యాటరీ మార్చాను. పది నిమిషాలు ముందుంది, సరిచేశాను." సరిచేసిన మాట నాకు చెప్పలేదు. దాని దృష్టిలో అది చెప్పాల్సిన విషయం కాదు.

అంటే ఆపరేషన్ తర్వాత నా గోడగడియారం సరైన టైమే చూపిస్తోంది. అందులోంచి నేను రోజూ పది నిమిషాలు తీసేస్తూ వచ్చాను. లేని తప్పుని దిద్దుకుంటూ వచ్చాను. నీళ్లు అంతకుముందులాగే ముప్పై అయిదు నిమిషాలు వచ్చాయి. ఇరవై అయిదన్నది నా తీసివేత. పైవాళ్లకి వేరే పైపు పడ్డాక పుస్తకంలోకెక్కిన ముప్పై అయిదు అసలు నలభై అయిదు. ఏడాదిగా బ్యాంకు వాళ్లు ముందే తెరుస్తున్నారనుకున్నాను. బస్సు టైముకి ముందే పోతోందని కండక్టరుతో రెండుసార్లు గొడవపడ్డాను. ఒక్కసారి కూడా చేతివాచీ తెచ్చి గడియారం పక్కన పెట్టలేదు.

రెండో వరుస సన్నటి పెన్నుతో ఉంది. 'చూశాను.' కింద తేదీ. శ రెండుసార్లు దిద్ది ఉంది.

ఆ తేదీ నా పుస్తకంలో, కంప్లయింట్ పెట్టిన పదమూడో రోజు.

కూడికలు, తీసివేతలు నాకు ఆగవు. పదమూడో రోజుకే తనకి తెలుసు. మెమో వచ్చింది ఇరవై రెండో రోజు. మధ్యలో తొమ్మిది రోజులు. ఒక్క వాక్యం, "టీచర్ గారూ, తప్పు మీ లెక్కలో ఉంది" అంటే చాలు, కంప్లయింట్ అక్కడితో పోయేది, మెమో వచ్చేది కాదు. ఆ తర్వాత ఇంకో ముప్పై ఆరు రోజులు. మొత్తం నలభై అయిదు రోజులు నోరు విప్పలేదు. గడియారం కరెక్టుగా ఉందని చెప్పింది. అది మాత్రం అక్షరాలా నిజం. విననిది నేను.

ఎందుకు చెప్పలేదన్నది మంగళవారమంతా నన్ను తిప్పింది. బుధవారం పొద్దున్న మోకాళ్లకి పట్టీలు వేసుకుని పైకెక్కాను. ఆ నలభై ఏడు మెట్లెక్కి తొమ్మిదేళ్లయింది. ఏడుచోట్ల ఆగాను. చివరి ఇంటి ముందు ఒకావిడ బిందెలు తోముకుంటోంది. గోడౌన్లో పప్పులు చెరిగే పని తనది, మొగుడు హమాలీ. కొన్నాళ్లుగా నాకు మునక్కాయలు పంపిస్తోంది ఈవిడే. ఎందుకు పంపిస్తోందో నేనెప్పుడూ అడగలేదు.

"అయ్యో, టీచరమ్మగారే! కబురంపితే నేనే దిగేదాన్ని కదండీ."

"అదివరకు మీకు నీళ్లు ఎంతసేపొచ్చేవమ్మా?"

"ఎక్కడండీ? ఆ అమ్మాయి ఇక్కడే నిలబడి ఫోన్లో టైము చూసేది. తొమ్మిది నిమిషాలంట. మూడు బిందెలు నిండేసరికి గాలొచ్చేది."

"మరి కంప్లయింట్ పెట్టలేదేం?"

"పెడదామంటే ఇంటి నంబరు అడుగుతుందంట ఫోను. మా ఇళ్లకి నంబర్లేవండీ? నంబరు లేదని తెలిస్తే ఖాళీ చేయమంటారేమోనని ఈయన భయం. మీరు పెట్టారు కాబట్టి సరిపోయింది."

"నేనా?"

"ఆ అమ్మాయే చెప్పిందండీ. 'టీచర్ గారు మీకోసం కంప్లయింట్ పెట్టి, ఎవరొచ్చి అడిగినా వెనక్కి తీసుకోవట్లేదు' అని. మా ఆయనైతే మీ గుమ్మం దాటేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కుతున్నాడు, చప్పుడుకి మీకు నిద్ర చెడుతుందని."

దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టడం తప్పింది. నాకు గుర్తున్నంతలో అది మొదటిసారి.

గురువారం ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని చేతిలో పట్టుకున్నాను.

"టీచర్ గారూ! బాగున్నారా? కన్నెలా ఉంది? ఒక్క నిమిషం, ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అంది. వెనక నీళ్ల మోటారు చప్పుడు, ఎవరిదో ముసలాయన గొంతు గట్టిగా అరుస్తోంది. నన్ను లైన్లోనే పెట్టి మర్చిపోయింది. నేను వింటూ కూర్చున్నాను.

"తిట్టండి బాబాయ్ గారూ, తిట్టినా నేనెక్కడికీ పోను. ఎన్నింటికొచ్చాయి? మీరు రాసుకున్నారా? అబ్బో, రాసుకున్నారే! మా విజయవాడలో ఒక టీచర్ గారున్నారు, అచ్చం మీలాగే. ఆవిడ లేకపోతే నా ఉద్యోగమేంటో నాకు తెలిసేది కాదు. చూడనా అండీ? పక్క సందులో ఎవరుంటారు? వాళ్లకి ఎంతసేపొస్తాయి?"

నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు విన్నాను. తర్వాత లైన్ తెగిపోయింది. కాగితం చేతిలోనే ఉంది. ఆ సాయంత్రం పుస్తకం చివరి పేజీ తీసి, తన జవాబుల కింద ఆ మాటలు రాద్దామనుకున్నాను. రాయలేకపోయాను. తన ఉద్యోగం ఊడినంత పని చేసింది నేను. ఆ పిల్ల నన్ను ఊరూరా చెప్పుకుంటోంది.

శుక్రవారం వార్డు సచివాలయానికి వెళ్లాను. తన కుర్చీలో ఇంకో అమ్మాయి ఉంది. ఇదీ ఇంజనీరింగ్ పిల్లే. గడియారం సంచిలో పెట్టుకుని వెళ్లాను, తీసి బల్ల మీద బోర్లించాను. నా కంప్లయింట్ తప్పు, దాని మీద ఇచ్చిన మెమో తప్పు, రద్దు చేయమన్నాను. ఆ పిల్ల ప్లాస్టరు ముక్క రెండుసార్లు చదివింది.

"మేడం ప్రొబేషన్ మొన్నే అయిందండీ. ఆరు నెలలు లేటుగా."

"మెమో?"

"అది సర్వీసు రిజిస్టర్లో ఉంటుందండీ. కమిషనర్ పోస్టుకి పరీక్ష రాస్తున్నారుగా, అప్పుడు చూస్తారు."

"నా పాత కంప్లయింట్ తెరువు."

"మూసింది తెరవడం కుదరదండీ. కొత్తది పెట్టుకోవచ్చు." కంప్యూటర్ తిప్పి చూపించింది. నీళ్లు, డ్రైనేజీ, వీధి దీపాలు, కుక్కలు, ఇతరములు.

"ఇతరములు" అన్నాను.

ఎవరిమీద అని ఉన్నచోట నా పేరే వేయించాను. తీసివేత తప్పు చేసినది నేననీ, ఒక ఇంజనీరుకి అన్యాయంగా పడిన మెమోని ఆవిడ రిజిస్టర్లోంచి తీసేయాలనీ చెప్పాను. ఆ పిల్ల టైపు కొట్టుకుంటూ పోయింది. రద్దీ చాలా ఉంది, ఆ పిల్లకి పని చాలా ఉంది, అయినా ఒక్క మాట అడక్కుండా ఉండలేకపోయాను.

"నువ్వెందుకొచ్చావమ్మా ఈ ఉద్యోగానికి?"

"ముందు మీ ఇంటి నంబరు చెప్పండి టీచర్ గారూ" అంది, తల ఎత్తకుండానే.

చెప్పాను. ఫోన్ మోగింది. నాలుగంకెలు వచ్చాయి.

గడియారం మళ్లీ గోడమీదికి ఎక్కింది, సరైన టైముతో. దాన్ని చూసినప్పుడల్లా మనసు ఇంకా పది తీసేస్తూనే ఉంది. చేతివాచీ తెచ్చి పక్కన పెట్టుకుంటున్నాను. పదహారు అడుగుల నడక మానలేదు. కిందటి సోమవారం నుంచి ఆఫీసు వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. ఇవాళ పొద్దున్న కూడా చేశారు.

"అమ్మా, మీ కంప్లయింట్ మా పరిధిలోది కాదండీ. క్లోజ్ చేస్తాం, ఓటీపీ చెప్పండి."

"మెమో తీసేశారా?"

"పైకి రాశామండీ. చూస్తామన్నారు."

"చూస్తామనడం కాదు. చూశానని ఎవరైనా రాసి, కింద తేదీ వేసిన కాగితం నాకు చూపించండి."

"అంతదాకా పెండింగ్‌లో పెడితే పైకెళ్తుందండీ ఇది."

"వెళ్లనీ" అన్నాను.

ఇవాళ్టికి పదకొండో రోజు. ఆ నాలుగంకెలూ నాకు కంఠతా వచ్చు. చెప్పను.